బీముల్లో చెడిన కాంక్రీటును తొలగించడం: ఏ పనిముట్టు, ఎక్కడ, ఎంతవరకు?

పాత భవనాల వరండాల్లో తలెత్తి చూస్తే బీము అడుగున పెచ్చులు ఊడిపోయి, తుప్పు పట్టిన కడ్డీలు ఎర్రగా బయటికి కనిపించడం మనలో చాలామందికి తెలిసిన దృశ్యమే. ముఖ్యంగా బాత్‌రూముల పక్క బీములు, నీళ్ల ట్యాంకు కింది బీములు ముందుగా ఈ స్థితికి వస్తాయి. దీనికి సాధారణంగా జరిగే వైద్యం రెండు రకాలు. ఒకటి, ఊడిన చోట సిమెంటు పూసి పైన సున్నం కొట్టడం. రెండు, రోడ్డు పగలగొట్టే మిషను తెచ్చి చెడిందీ మంచిదీ కలిపి కొట్టి పారేయడం. మొదటి పద్ధతిలో కొన్నేళ్లకు అదే పెచ్చు మరికాస్త పెద్దదై మళ్లీ ఊడుతుంది. రెండో పద్ధతి ఇంకా ప్రమాదకరం. పని చేసేవాడి తల మీదే భవనాన్ని బలహీనపరచడం అది.

మేము కొందరం ఈ హాస్టల్లో ఉండి చదువుకుని, ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదువుల తరువాత భవనాల మరమ్మతు పనుల్లోకి వెళ్లినవాళ్లం. ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లలో కొందరు రేపు సైటు ఇంజనీర్లు అవుతారు, కొందరు మిషను పట్టుకుంటారు. మన అన్నలు, నాన్నలు చాలామంది ఇప్పటికే ఆ పనిలో ఉన్నారు. అందుకని ఈ వార్షికోత్సవ సంచికకు ఈ విషయాన్నే ఎంచుకున్నాము.

చెడటానికి కారణం

మంచి కాంక్రీటు క్షార గుణం కలది. దాని పి.హెచ్. విలువ 12కు పైనే ఉంటుంది. ఆ క్షారం వల్ల లోపలి ఇనుప కడ్డీ మీద కంటికి కనిపించని ఒక రక్షణ పొర ఏర్పడి, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి చొచ్చుకుపోయే కొద్దీ ఆ క్షారం తగ్గుతుంది. సముద్ర తీరంలోనైతే ఉప్పు ఆ పొరను నేరుగా ఛేదిస్తుంది. ఆ తరువాత తేమ, గాలి తగిలితే చాలు. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి ఉబ్బే ఆ తుప్పే కవరింగు కాంక్రీటును బయటికి నెడుతుంది. కడ్డీ వెంట పొడవునా సన్నని బీట కనిపిస్తే రోగం మొదలైందనే అర్థం. 2000 సంవత్సరంలో వెలువడిన ఐ.ఎస్. 456 ప్రకారం కవరింగు మామూలు వాతావరణంలో 20 మి.మీ., తీర ప్రాంతపు గాలి తగిలే చోట్ల 45 మి.మీ. లేదా ఇంకా ఎక్కువ ఉండాలి. పాత బీములను విప్పి చూస్తే కొన్నిచోట్ల 10 మి.మీ. కూడా కనిపించదు. కవరింగు దిమ్మెలు పెట్టకుండా పోత పోసిన ఫలితం అది.

బీములో ఏ భాగం ఏం మోస్తుంది

పనిముట్టు ఎంపిక ఇక్కడే మొదలవుతుంది కనుక దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. పంట కాలువ మీద అడ్డంగా వేసిన తాటి దుంగను తలచుకోండి. మధ్యలో నిలబడితే అది కిందికి వంగుతుంది. అప్పుడు దుంగ అడుగు భాగం సాగుతుంది, పై భాగం నొక్కుకుంటుంది. గోడల మీద ఆనుకున్న బీము కూడా ఇంతే. కాంక్రీటు నొక్కుడుకు బాగా నిలుస్తుంది, సాగదీతకు నిలవదు. అందుకే అడుగున ఇనుము వేస్తాం. అంటే బీము మధ్య భాగంలో అడుగున ఉన్న కాంక్రీటు సాగదీతను పెద్దగా మోయదు. అది కడ్డీకి చొక్కా వంటిది, పట్టు ఇచ్చేది. ఇదే బీములో పైభాగాన ఉన్న కాంక్రీటు నిజంగా బరువు మోస్తున్నది.

ఇప్పుడు కావడి బద్దను తలచుకోండి. భుజం మధ్యలో ఉంటుంది, బరువులు రెండు చివర్లా వేలాడతాయి. ఇక్కడ బద్ద పైభాగం సాగుతుంది, భుజానికి ఆనిన అడుగు భాగం నొక్కుకుంటుంది. ఒకే బీము రెండు మూడు స్తంభాల మీదుగా సాగిపోయేటప్పుడు స్తంభం దగ్గర జరిగేది ఇదే. బాల్కనీ బీము గోడలోంచి బయటికి వచ్చే చోట జరిగేదీ ఇదే. కాబట్టి బాల్కనీ బీము మొదట్లో అడుగున కాంక్రీటును కొట్టడమంటే మోస్తున్న భాగాన్నే కొట్టడం. వరండా బీము మధ్యలో అడుగున కొట్టినంత తేలికగా అక్కడ కొట్టరాదు. రెండు బీములూ కిందనుంచి చూడటానికి ఒకేలా ఉంటాయి. మేస్త్రీకి తేడా చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు.

మరొక సున్నితమైన చోటు బీము రెండు కొసలు. అడుగు కడ్డీలు ఆ కొసల్లోని కాంక్రీటులో గట్టిగా పట్టుకుని ఉండబట్టే మధ్యలో లాగుడును మోయగలుగుతున్నాయి. చెట్టుకు కట్టిన తాడు ముడి లాంటివి ఆ కొసలు. మధ్యలో కొంత పొడవున కడ్డీ బయటపడినా కొసల పట్టు బాగుంటే బీము వెంటనే కూలదు. కొసల్లో కడ్డీ చుట్టూ కాంక్రీటు తీసేస్తే ముడి విప్పినట్టే. పైగా స్తంభం దగ్గర కోత బలం ఎక్కువ. అక్కడి రింగులు తుప్పుతో తెగిపోయి ఉంటే, బీములో ఏటవాలు బీట కనిపిస్తే, ఏ పనిముట్టూ చేతబట్టకుండా ముందు నిర్మాణ ఇంజనీరును పిలవాలి.

కొట్టేముందు

230 మి.మీ. వెడల్పు, 450 మి.మీ. లోతు ఉన్న బీము ఒక్కొక్క మీటరుకు సుమారు 260 కిలోలు తూగుతుంది. బీముకూ బీముకూ 3 మీటర్ల దూరం, 120 మి.మీ. స్లాబు అనుకుంటే ఆ బీము మీద పడే స్లాబు బరువు మీటరుకు మరో 900 కిలోలు. 4 మీటర్ల బీము అంటే ఫ్లోరింగు, మనుషులు, సామాను కలపకముందే నాలుగు టన్నులకు పైన. కాబట్టి ముందు జాకీలు, తరువాతే సుత్తి. జాకీలు బీముకే కాదు, దానికిరువైపులా స్లాబుకు కూడా పెట్టాలి. జాకీ కింద గట్టి చెక్క ఉండాలి. పై అంతస్తు బీముకు మరమ్మతు చేస్తుంటే ఆ జాకీల బరువు కింది అంతస్తు స్లాబు మీద పడుతుంది గనుక అక్కడా, అవసరమైతే నేల దాకా, ఒకదాని కింద ఒకటి వరుసగా జాకీలు నిలపాలి. సరుగుడు బాదులు చౌకే గాని వంకర ఉన్నవి, మధ్యలో అతుకు వేసినవి ఈ పనికి వద్దు. బాల్కనీ అయితే చివరన జాకీ తప్పనిసరి. ఎన్ని జాకీలు, ఎక్కడెక్కడ అన్నది ఇంజనీరు లెక్క కట్టి చెప్పవలసిన విషయం.

పైగది ఖాళీ చేయించాలి. హాస్టల్ అయితే మంచాలు, ట్రంకు పెట్టెలు, బియ్యం బస్తాలు అన్నీ. పైన నీళ్ల ట్యాంకు ఉంటే ఖాళీ చేయాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే ఒక టన్ను నీళ్లు. పిల్లలున్న భవనంలో ఈ పని వేసవి సెలవుల్లోనే పెట్టుకోవడం మంచిదని మా అభిప్రాయం. తాడు కట్టి అడ్డం పెట్టినా పిల్లలు చూడటానికి రాకుండా ఉండరు.

తరువాత ఏది చెడింది, ఏది మంచిది అని తేల్చుకోవాలి. దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. అరకిలో సుత్తితో బీము పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్తే మంచి కాంక్రీటు ఖంగుమంటుంది, విడిపోయినది డొల్లగా, పగిలిన కుండలా మోగుతుంది. డొల్ల మోగిన మేరకు సుద్దముక్కతో గీత గీయాలి. నిజం చెప్పాలంటే కంటికి కనిపించే పెచ్చు కంటే ఆ గీత లోపలి భాగం ఎప్పుడూ పెద్దదిగానే వస్తుంది. ఆ గది కరెంటు మెయిన్ దగ్గరే ఆపాలి. బీములోనూ స్లాబులోనూ వైర్ల పైపులు ఉంటాయి.

పనిముట్టు

ఏ పనిముట్టు ఎంచుకోవాలన్నా అడగవలసిన మొదటి ప్రశ్న ఎంత తొందరగా తీస్తుంది అన్నది కాదు, తీసిన తరువాత మిగిలే కాంక్రీటును ఎలా ఉంచుతుంది అన్నది. బరువైన దెబ్బ పడినప్పుడు ఊడిపోయే ముక్క వెనకాల మిగిలే కాంక్రీటులో కూడా కొన్ని మిల్లీమీటర్ల లోతున వెంట్రుక వంటి సన్నని పగుళ్లు పుడతాయి. చూడటానికి ఉపరితలం గట్టిగానే ఉంటుంది. దాని మీద వేసిన కొత్త కాంక్రీటు ఆ నలిగిన పొరతో సహా మళ్లీ ఊడి వస్తుంది. ఇక మిషను మొన కడ్డీకి తగిలితే రెండు నష్టాలు. ఒకటి కడ్డీకి గాటు పడటం. రెండోది, ఆ అదురు కడ్డీ వెంట పాకి చాలా దూరం వరకు మంచి కాంక్రీటులోని పట్టును కూడా విడదీయడం.

అన్నింటికన్నా చిన్నది ఉలి, సుత్తి. ఒక కిలో నుంచి కిలోన్నర సుత్తి, మంచి పదును ఉన్న ఉలి. రాయి కొట్టే ఇళ్ల నుంచి వచ్చినవారికి ఈ పని గురించి మేము చెప్పవలసింది లేదు. రాయి ఎటు చీలుతుందో చేతికి తెలిసిన మనిషి కాంక్రీటు మీద మిషను కంటే శుభ్రంగా పని చేస్తాడు. కడ్డీల వెనక భాగం, బీము కొసలు, రింగుల సందులు, బాల్కనీ మొదలు వంటి సున్నితమైన చోట్ల ఉలి, సుత్తే వాడాలి. నిదానమే కాని కొట్టే ప్రతి దెబ్బా మన అదుపులో ఉంటుంది. ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటే వెంటనే సాన పట్టించాలి. ఆ అంచు ముక్కలు ఎగిరి కళ్లలో పడతాయి.

దాని తరువాత 2 నుంచి 4 కిలోల రోటరీ హ్యామర్లు. డ్రిల్లింగు ఆపి ఉలి దెబ్బ మాత్రమే ఇచ్చే ఏర్పాటు ఉన్న రకం తీసుకోవాలి. దెబ్బకు 2, 3 జౌల్‌ల శక్తి మాత్రమే ఉంటుంది. బీము అడుగున, పక్కల కవరింగు తీయడానికి, తల పైకెత్తి చేసే పనికి ఇది మాకు అన్నింటికన్నా అనువుగా కనిపించింది. ఆ పైన 5, 6 కిలోల చిప్పింగ్ హ్యామర్. దెబ్బకు 8 జౌల్‌ల అటూ ఇటూ. చెడిన భాగం లోతుగా ఉన్నప్పుడు, కాంక్రీటు ఇంకా గట్టిగా ఉన్నప్పుడు దీన్ని వాడవచ్చు. బీము పనికి మామూలుగా ఇదే పై హద్దు అనుకోవడం క్షేమం. పది కిలోల డిమాలిషన్ హ్యామర్ దెబ్బకు 16 జౌల్‌లు దాటుతుంది. 16, 18 కిలోల బ్రేకరు 40 జౌల్‌లకు పైన. ఇవి నేల, ఫుట్‌పాతు, పూర్తిగా కూల్చే గోడల కోసం చేసినవి. బావుల్లో రాయి పగలగొట్టే ట్రాక్టరు కంప్రెషర్‌ను తెచ్చి బీము మీద పెట్టడం గురించి చెప్పనే అక్కరలేదు. కాని అద్దెకు సులువుగా దొరికేది అదే కనుక ఆ పని చేసేవాళ్లూ ఉన్నారు.

అమెరికాలో వంతెనల మరమ్మతుకు చాలా రాష్ట్రాల రహదారి శాఖలు పెట్టుకున్న హద్దు గమనించదగినది. పైపొర తీయడానికి 30 పౌండ్లు, అంటే సుమారు 14 కిలోల మిషను వరకు. కడ్డీల చుట్టూ, కడ్డీల వెనక 15 పౌండ్లు, అంటే 7 కిలోల లోపు. అది నేల వైపు మొన పెట్టి కొట్టే వంతెన డెక్కు సంగతి. మన బీము అంతకన్నా సన్నం, పైగా మనం దాని కింద నిలబడి కొడతాం. కాబట్టి మన హద్దు ఇంకా తక్కువ ఉండాలి.

మిషనుతోపాటు మొన కూడా చూడాలి. పగలగొట్టి విడదీయడానికి సూది మొన, అంచులు సరిచేయడానికి పట్టె మొన. మొనను కాంక్రీటుకు నిలువుగా గుచ్చకుండా ఏటవాలుగా పట్టి, విడిపోయిన అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి జరగాలి. కడ్డీని ఆనుగా చేసుకుని గడ్డపారతో పెళ్లగించడం చాలాచోట్ల చూస్తాం. అది ఎంతమాత్రం పనికిరాదు.

సుద్ద గీత వెంట ముందుగా గ్రైండరుకు డైమండ్ బిళ్ల వేసి గాడి కోయాలి. ఆ గాడి వల్ల పగులు మంచి కాంక్రీటులోకి పాకకుండా ఆగుతుంది, కొత్త కాంక్రీటుకు నిలువైన అంచు దొరుకుతుంది. పలుచని అంచుతో వేసిన అతుకు ముందుగా ఆ అంచు దగ్గరే లేస్తుంది. గాడి లోతు 10 మి.మీ. చాలు, కవరింగు తక్కువ ఉన్నచోట ఇంకా తక్కువ. రింగు తెగిందంటే మరమ్మతు మొదలుకాకముందే బీముకు కొత్త దెబ్బ తగిలినట్టు. గ్రైండరు గార్డు తీసి పనిచేయడం మన సైట్లలో అలవాటైపోయింది. బిళ్ల పగిలితే ముక్క ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

వెయ్యి బార్‌లు, అంతకు పైబడిన పీడనంతో నీటిని చిమ్మి కాంక్రీటును తొలగించే యంత్రాలు కూడా ఉన్నాయి. ఇవి కడ్డీని గాయపరచవు, సన్నని పగుళ్లు పుట్టించవు. పెద్ద వంతెనలకు, రేవులకు బాగుంటాయి. రెండంతస్తుల హాస్టల్లో మూడు బీముల కోసం దాన్ని తెప్పించడం కుదిరే పని కాదు, ఆ నీటి ధార మనిషిని తాకితే చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. రంధ్రాల్లో పోసి ఉబ్బించే రసాయన పొడులు మాత్రం బీము మరమ్మతుకు అసలే వద్దు. వాటి పగులు ఎటు పోతుందో మన చేతుల్లో ఉండదు.

మిషను వెనక మనిషి

తలపైకెత్తి 6 కిలోల మిషనును గంటసేపు పట్టుకోవడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు. చేతులు అలసినప్పుడే మొన జారి కడ్డీ మీదకు పోతుంది. అందుకే చిన్న మిషను మనిషికీ బీముకూ రెండింటికీ మేలు. నిచ్చెన మీద నిలబడి ఈ పని చేయరాదు. రెండు చేతులూ మిషను మీద ఉన్నప్పుడు నిచ్చెనను పట్టుకునేదేమిటి? వెడల్పైన పలకలు, పక్కన పట్టుకునే కమ్మీ ఉన్న పరంజా కావాలి. కొట్టే చోటుకు సరిగ్గా కింద కాకుండా పక్కన నిలబడాలి. లీటరు పాత్రంత ముక్క రెండున్నర కిలోలు ఉంటుంది.

మిషను అదురు గురించి మన దగ్గర పట్టించుకునేవారు తక్కువ. ఏళ్ల తరబడి పట్టినవారికి వేళ్లు తెల్లబడి స్పర్శ తగ్గుతుంది. యూరప్‌లో 2002లో దీనికి హద్దులు పెట్టారు. వాటి ప్రకారం లెక్క వేస్తే అదురు సెకనుకు సెకనుకు 10 మీటర్లు ఉన్న మిషనును రోజుకు అరగంట వాడితేనే జాగ్రత్త చర్యలు మొదలుపెట్టాలి, రెండు గంటలు దాటరాదు. కనుక ఇద్దరు మనుషులు వంతులవారీగా చేయాలి. కూలీ ఇద్దరికీ ఇవ్వాలి. ఈ రెండో మాట దగ్గరే కాంట్రాక్టర్లు వెనక్కి తగ్గుతారు.

దుమ్ము అంతకంటే చెడ్డది. కాంక్రీటులోని ఇసుక, కంకర సిలికా. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో ఆగుతుంది, కనిపించని సన్నదే ఊపిరితిత్తుల అడుగుకు చేరి సిలికోసిస్‌కు కారణమవుతుంది. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. అమెరికా 2016లో చేసిన నిబంధనలో ఘనపు మీటరు గాలిలో ఈ సిలికా 50 మైక్రోగ్రాములు మించరాదని హద్దు పెట్టింది. ఒక గ్రాములో 50 మైక్రోగ్రాములు ఇరవై వేల వంతులలో ఒక వంతు. ముఖానికి చుట్టుకున్న తువాలు, జేబురుమాలు దీన్ని ఆపలేవు. ఎన్ 95 రకం మాస్కు ముఖానికి ఒత్తుకుని ఉండేలా పెట్టుకోవాలి. కొట్టే చోట కొద్దిగా నీళ్లు చిలకరిస్తూ ఉంటే దుమ్ము లేవదు. అయితే నీళ్లూ కరెంటు మిషనూ ఒకేచోట ఉన్నప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగిపోయే ఇ.ఎల్.సి.బి. ఉండాలి. ప్లగ్గు లేకుండా వైర్ల కొసలను అగ్గిపుల్లలతో సాకెట్టులో గుచ్చే మన పద్ధతి ఇక్కడ ప్రాణం తీస్తుంది. కళ్లద్దాలు, చెవులకు బిరడాలు, తలకు హెల్మెట్, కాళ్లకు బూట్లు సంగతి అందరికీ తెలిసిందే. తెలిసినంతగా వాడకంలో లేదు.

ఎక్కడ ఆపాలి

కడ్డీ చుట్టుకొలతలో సగానికి పైగా బయటపడినా, తుప్పు వెనక వైపుకు పాకినా కడ్డీ వెనక కూడా సుమారు 20 మి.మీ. ఖాళీ వచ్చేలా తీయాలి. వేలు దూరేంత అనుకోండి. అప్పుడే కొత్త కాంక్రీటు కడ్డీని చుట్టుకుని పట్టుకుంటుంది. కడ్డీ వెంట తుప్పులేని ఇనుము కనిపించేదాకా రెండు వైపులా జరగాలి. కాని ఒకేసారి బీము పొడవునా విప్పరాదు. ఒక భాగం తీసి, పూడ్చి, అది గట్టిపడ్డాక పక్క భాగానికి పోవాలి. కొసల వైపుకు, లేదా బీము సగం లోతుకు తుప్పు దారితీస్తున్నదంటే మిషను ఆపి ఇంజనీరుకు చూపించాలి.

తీసిన తరువాత మళ్లీ సుత్తితో తట్టి చూడాలి. ఇంకా ఎక్కడైనా డొల్ల మోగితే అది పాతది మిగిలి ఉండవచ్చు, మన దెబ్బలకు కొత్తగా పుట్టినదీ కావచ్చు. చివరి కొన్ని మిల్లీమీటర్లు మిషను పక్కన పెట్టి చేతి ఉలితో తీస్తే ఆ నలిగిన పొర పోతుంది. కడ్డీలను తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు రాలిపోయాక వెర్నియర్‌తో కొలవాలి. 16 మి.మీ. కడ్డీ 14కు తగ్గితే రెండు మిల్లీమీటర్లే గదా అనిపిస్తుంది. విస్తీర్ణం లెక్కన నాలుగో వంతు ఇనుము దాదాపు పోయినట్టే. దాని పక్కన కొత్త కడ్డీ వేయాలా, ఎంత పొడవున వేయాలి అన్నది ఆ కొలతను బట్టి ఇంజనీరు నిర్ణయిస్తారు. కనుక ఏ కడ్డీ ఎక్కడ ఎంత మిగిలిందో కాగితం మీద రాసి ఉంచుకోవాలి. పూడ్చేశాక మళ్లీ చూడలేం.

ఇక జాకీలు. మామూలుగా పోత పోసిన 6 మీటర్ల లోపు బీముకు జాకీలు 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు ఉంచాలని ఐ.ఎస్. 456 చెబుతుంది. మరమ్మతు బీముకు వాడిన పదార్థాన్ని బట్టి ఇది మారవచ్చు. సెంట్రింగు సామాను అద్దె రోజురోజుకూ పెరుగుతున్నదని వారం తిరగకముందే జాకీలు విప్పించమనే ఒత్తిడి తప్పకుండా వస్తుంది. విప్పవచ్చునని ఇంజనీరు సంతకం పెట్టిన కాగితం చేతికి వచ్చేదాకా ఒక్క జాకీ కూడా కదపకండి.